పాతబడటం, బాగుపడటం: వైన్ నాణ్యత, శైలి, పక్వత

1. పరిచయం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడికి వెళ్ళినా 'వైన్స్' అని రాసిన బోర్డు మీకు కనిపిస్తుంది. ఆ కొట్లో అమ్మేది ప్రధానంగా బ్రాందీ, విస్కీ, బీరు. అసలు వైన్ ఏ మూలనో రెండు మూడు సీసాలుంటే ఉన్నట్లు. మన వాడుకలో 'వైన్ షాపు' అనే మాట మద్యం దుకాణానికి మరో పేరుగా స్థిరపడిపోయింది. అందువల్ల ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఈ పాఠంలో వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసిన, బట్టీ పెట్టి దించని పానీయం. దానిలో ఆల్కహాలు సాధారణంగా 11 నుంచి 14 శాతం వరకు ఉంటుంది.

ఈస్ట్ కణాలు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చే విధానం కిణ్వనం పాఠంలో చదివారు. ఇప్పుడు ఆ తరవాతి దశకు వద్దాం. సీసాలోకి చేరిన వైన్ గురించి దాని రుచి మరిగినవారు ముఖ్యంగా మూడు మాటలు చెబుతారు. 'ఇది మంచిది' అంటారు. 'ఇది ఫలానా తరహాది' అంటారు. 'దీన్ని ఇంకో పదేళ్ళు దాచవచ్చు' అంటారు. వీటిలో ఏది పరీక్షకు నిలిచేది, ఏది అభిరుచి, ఏది జోస్యం అనేది విడదీసి చూడటమే ఈ పాఠం ఉద్దేశం. పాఠం పూర్తయ్యేసరికి ఒక ఆహార పదార్థం గురించి ఎవరైనా 'పాతది కాబట్టి గొప్పది' అన్నప్పుడు ఏ ప్రశ్నలు అడగాలో మీకు తెలియాలి. వైన్ బదులు నెయ్యి, బియ్యం, పచ్చడి అనుకున్నా ఆ ప్రశ్నలు పెద్దగా మారవు.

ఇది తాగమని చెప్పే పాఠం కాదని వేరే చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతానికి మద్యంతో ఉన్న సంబంధం తేలికైనదేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో దాన్ని విస్తరించింది చిత్తూరు, కడప జిల్లాలకే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ముందుండి నడిపిన సారా వ్యతిరేకోద్యమం, 1995లో రాష్ట్రమంతటా వచ్చిన నిషేధం, 1997లో దాని సడలింపు మీకు చరిత్ర పాఠాల్లో కనిపిస్తాయి. ఆరోగ్యానికి హాని లేనంత మోతాదు అంటూ మద్యానికి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఈ పాఠంలోని అభ్యాసానికి మద్యం అవసరం లేదు.

2. బంగారం అంగట్లో రెండు ప్రశ్నలు

నాణ్యతనూ శైలినీ కలిపేయడం ఈ విషయంలో అందరూ చేసే పని. వాటిని వేరుచేయడానికి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ కంటే మంచి చోటు లేదు.

అక్కడ గొలుసు కొనేవారు రెండు ప్రశ్నలు అడుగుతారు. బంగారం ఎంత స్వచ్ఛమైనది? ఇది మొదటి ప్రశ్న. 22 క్యారెట్లు అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం. గీటురాయి మీద గీసి చూసినా, యంత్రంలో పెట్టి చూసినా జవాబు చూసే మనిషి ఇష్టాన్ని బట్టి మారదు. రెండోది, నగ ఎలా ఉంది? అత్తగారికి కాసులపేరు నచ్చుతుంది, కోడలికి సన్నని గొలుసు నచ్చుతుంది. కాసులపేరు నచ్చలేదని కోడలు దాన్ని రాగి అనదు కదా!

వైన్ విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తారు. మొదటిసారి రుచి చూసినవారిలో చాలామంది తీపిని ఆశిస్తారు. ద్రాక్షపండు తియ్యన, కనుక దాని రసంతో చేసింది కూడా తియ్యగా ఉండాలనుకుంటారు. చక్కెర అంతా ఆల్కహాలుగా మారిపోయిన వైన్ పుల్లగా, కాస్త వగరుగా తగిలేసరికి 'ఇది నాసిరకం' అనేస్తారు. తీపి లేకపోవడం అక్కడ శైలి మాత్రమే. నాలుగు సీసాలు రుచి చూసి తనకు తానే పండితుడైనవాడు దీనికి తలకిందుల పొరపాటు చేస్తాడు. తియ్యటి వైన్ అంటేనే చిన్నచూపు అతనికి. ఫ్రాన్స్‌లోని సోటెర్న్, హంగరీలోని టొకాయ్ ప్రాంతాల తీపి వైన్లు ప్రపంచంలో అత్యంత విలువైనవాటిలో, ఎక్కువకాలం నిలిచేవాటిలో ఉన్నాయి.

మరి నాణ్యత అంటే ఏమిటి? అనుభవజ్ఞులు సాధారణంగా చూసేవి నాలుగు. దోషాలు లేకపోవడం, సమతూకం, మింగిన తరవాత రుచి ఎంతసేపు నిలిచింది, ఆ రుచిలో ఎన్ని పొరలున్నాయి. వీటిలో దోషాన్ని మాత్రం ప్రయోగశాల పట్టుకోగలదు. ఎసిటిక్ ఆమ్లం ఎక్కువైతే వెనిగర్ వాసన, ఇథైల్ ఎసిటేట్ ఎక్కువైతే గోళ్ళరంగు వాసన వస్తాయి. రెండింటినీ కొలవవచ్చు. సమతూకాన్ని కొలిచే పరికరం లేదు. బంగారంతో పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. వైన్‌కు గీటురాయి తప్పును చూపిస్తుంది, గొప్పతనాన్ని చూపించదు.

సమతూకం అనే మాట కొత్తగా అనిపిస్తే ఉగాది పచ్చడిని గుర్తుచేసుకోండి. వేపపువ్వు చేదు ఉందని తెలియాలి, అదొక్కటే మిగలకూడదు. ఈ సందర్భంలో తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. వగరు అనే మాట మనకు షడ్రుచుల్లోనే ఉంది. పులివెందుల తోటల్లోని పచ్చి అరటికాయ, నేరేడు పండు, నమిలిన వక్క మీ నాలుకను పట్టేసినట్లు చేస్తాయి చూడండి, అదే వగరు. దానికి కారణం టానిన్ అనే పదార్థాల సముదాయం. ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఇవి ఉంటాయి. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు, తెల్ల వైన్‌కు రసాన్ని ముందే వేరుచేస్తారు. అందుకే ఎర్రదానిలో వగరు ఎక్కువ. పులుపు, వగరు, చేదు ఈ మూడింటినీ కలగలపకుండా విడివిడిగా చెప్పగలగడం రుచి పరీక్షలో సగం చదువు. ఆ సగం మన వంటింట్లోనే అయిపోయింది.

3. నాలుకను ఎంతవరకు నమ్మాలి?

అనుభవజ్ఞుడు 'బాగుంది' అంటే నమ్మాలా? ఈ ప్రశ్నకు ప్రయోగాలే జవాబు చెప్పాయి.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు పరిశోధకులు తెల్ల వైన్, ఎర్ర వైన్ ఇచ్చి వాసనలు వర్ణించమన్నారు. మరోసారి పిలిచి తెల్ల వైన్‌నే రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. రంగు కలిపిన తెల్ల వైన్‌ను విద్యార్థులు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఈ ఫలితాలు 2001లో ప్రచురితమయ్యాయి. ఇవి చదివి ఆ విద్యార్థులను చూసి నవ్వేవారున్నారు. అది సరికాదని నా అభిప్రాయం. కళ్ళు చూసినదాన్ని ముక్కు అనుసరించడం మెదడు పనిచేసే తీరు. పసుపు రంగు వేసిన కేసరిలో కుంకుమపువ్వు వాసన 'వచ్చేది' ఆ దారినే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో జరిగిన పరిశీలన ఇంకా ఇబ్బందికరమైనది. ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఒకే వరసలో మూడుసార్లు ఇచ్చారు. మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు వేసినవారు సుమారు పదిమందిలో ఒకరే. రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో దీన్ని ప్రచురించారు. ఒక పోటీలో వచ్చిన బంగారు పతకాన్ని సీసా మీద అచ్చువేసుకున్నప్పుడు దాని బరువు ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అయితే అభిప్రాయాలన్నీ వ్యర్థమేనా? కాదు. గుర్తింపు తెలియకుండా, ఎక్కువమంది కలిసి, నిర్ణీత పద్ధతిలో రుచి చూసినప్పుడు వాటికి విలువ పెరుగుతుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వ్యాపారి ఏర్పాటుచేసిన పరీక్ష దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పేర్లు దాచిపెట్టి రుచి చూపితే ఫ్రెంచి న్యాయనిర్ణేతలు ఎర్రవాటిలో, తెల్లవాటిలో రెండింటా కాలిఫోర్నియా వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. అప్పుడు వచ్చిన అభ్యంతరం మన పాఠానికి ముఖ్యం. 'కాలిఫోర్నియా వైన్ ఇప్పుడు బాగుండవచ్చు, ఫ్రెంచి వైన్ గొప్పతనం పాతబడినప్పుడు కదా బయటపడేది' అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆగి 2006లో అవే ఎర్ర వైన్లతో మళ్ళీ పరీక్ష పెట్టారు. అప్పుడూ మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన 1971 నాటి వైన్‌కే వచ్చింది. జోస్యాన్ని పరీక్షించాలంటే ముప్ఫై ఏళ్ళు ఆగవలసి వచ్చిందన్నది గమనించండి. 'పదేళ్ళు దాచండి' అని చెప్పేవాడికి ఉన్న సదుపాయం కూడా అదే. పదేళ్ళ తరవాత వెళ్ళి అడిగేవాళ్ళు ఉండరు.

4. పాతబడినప్పుడు లోపల జరిగేది

మన ప్రాంతంలోని మూడు పదార్థాలతో మొదలుపెడదాం.

మొదటిది కల్లు. ఈతచెట్టు నుంచి దించిన నీరా గంటల్లోనే పులియడం మొదలవుతుంది. సాయంత్రానికి కల్లు. ఒకటి రెండు రోజులు గడిస్తే గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఎసిటోబాక్టర్ బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మార్చివేస్తుంది. పాతకల్లు అంటే పుల్లకల్లే. కాలం దానికి మేలు చేయదు.

రెండోది పులివెందుల చీనీ. కాయను పిండి వెంటనే తాగితే తీపి. అదే రసాన్ని కొన్ని గంటలు పక్కన పెట్టి తాగండి, చేదు తగులుతుంది. పాత్ర మంచిది కాదనో కాయ చెడిందనో అనుకుంటాం. కాయలో చేదులేని రూపంలో ఉన్న ఒక పదార్థం, పిండినప్పుడు రసంలోని ఆమ్లానికి తగిలి, నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఇక్కడ సూక్ష్మజీవుల ప్రమేయం లేదు. ఇది రసాయనిక చర్య, దానికి కాలం కావాలి. కాలం తెచ్చిన మార్పు ఇక్కడ కూడా చెడువైపే.

మూడోది చింతకాయ తొక్కు. పచ్చి చింతకాయలను ఉప్పు, పసుపు వేసి దంచి, ఈనెలు గింజలు తీసి జాడీలో పెడతారు. కొత్తలో లేతరంగులో ఉండి పులుపు పళ్ళను జివ్వుమనిపిస్తుంది. ఏడాది గడిచేసరికి రంగు ముదురుతుంది. రెండు మూడేళ్ళకు దాదాపు నల్లబడుతుంది, పులుపు ఒదిగినట్లు అనిపిస్తుంది. బాలింతకు, జ్వరం తగ్గినవారికి పథ్యంగా వెతికి తెచ్చేది ఈ పాతదాన్నే. 'పాత చింతకాయ పచ్చడి' అని మనం ఎద్దేవాగా అంటామే, ఆ మాట పుట్టించినవారు అసలు దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నారో లేదో అనుమానమే.

కల్లు, చీనీరసం ఎందుకు నిలవలేదు, తొక్కు ఎందుకు నిలిచింది? తొక్కులో ఉప్పు ఉంది, బలమైన ఆమ్లం ఉంది. అవి సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. సూక్ష్మజీవులు ఆగిన చోట నెమ్మది రసాయనిక చర్యలకు తీరిక దొరుకుతుంది. చింతకాయలోని ప్రధాన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ ప్రధానమైనది అదే.

ఇక వైన్ సంగతి. దానిని కాపాడేవి ఆమ్లం, ఆల్కహాలు, టానిన్లు, కొన్నిటిలో చక్కెర, వీటికి తోడు తయారీదారు కలిపే కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడు. ఈ రక్షణలో సంవత్సరాల తరబడి జరిగే మార్పు ముఖ్యంగా ఇది: టానిన్ అణువులు, రంగు అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. మరీ పెద్దవైనవి మడ్డిగా అడుగుకు చేరతాయి. అందువల్ల వగరు మెత్తబడుతుంది. ఊదా ఛాయ ఉన్న ఎరుపు క్రమంగా ఇటుకరంగులోకి తిరుగుతుంది. తెల్ల వైన్ దీనికి భిన్నంగా ముదిరి బంగారు రంగుకు, తరవాత గోధుమరంగుకు వస్తుంది. ఎర్రది వెలవెలబోతుంది, తెల్లది ముదురుతుంది. సీసా వయసు కళ్ళతో అంచనా వేయడానికి ఇది పనికొచ్చే గుర్తు. వాసన కూడా మారుతుంది. తాజా పండు వాసన తగ్గి ఎండుపండు, తోలు, తడిమట్టి, పుట్టగొడుగు వంటి వాసనలు ముందుకొస్తాయి. ఇవి అందరికీ నచ్చాలని లేదు. పండు వాసనే ఇష్టమైనవారికి పదేళ్ళ వైన్ కన్నా రెండేళ్ళ వైనే బాగుంటుంది. వారి నాలుక తప్పేమీ కాదు.

మరచిపోకూడని మాట ఒకటుంది. లోకంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం దాచడానికి చేసింది కాదు, కొన్ని సంవత్సరాల లోపే వాడేయడానికి చేసింది. మార్చదగిన సరుకు లోపల లేనప్పుడు కాలానికి పనేమీ ఉండదు. పలుచని, వగరు లేని వైన్‌ను ఇరవై ఏళ్ళు దాచితే ఇరవై ఏళ్ళ పలుచని నీళ్ళే మిగులుతాయి.

భారతీయ వైన్లకు ఇంకో చిక్కు ఉంది. బెంగళూరు దగ్గరి నంది హిల్స్ ప్రాంతంలో గ్రోవర్ కుటుంబం 1988లో ద్రాక్షతోటల సంస్థను స్థాపించింది. చిక్కబళ్ళాపురం జిల్లాలోని ఆ కొండ చుట్టుపక్కల గ్రామాల్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువే. నాసిక్ వైన్లు 2000 ప్రాంతంలో పేరు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఈ రెండు చోట్లా తీగలు యూరప్‌లో లాగా చలికాలంలో నిద్రపోవు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్కసారే, వేసవి ముదరకముందే కోత కోస్తారు. వేడిలో కాయలోని మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చయిపోతుంది, చక్కెర త్వరగా పెరుగుతుంది. ఆమ్లం తగ్గితే దాచుకునే శక్తి తగ్గుతుంది. ఎత్తైన చోట్ల, రాత్రి చల్లబడే చోట్ల తోటలు వేయడానికి కారణం ఇదే. కడప మైదానంలో ఆ రాత్రులు లేవు.

5. కడప ఎండలో ఒక సీసా

మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటిది ఉండే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చిన బంధువు ఒక వైన్ సీసా తెచ్చి ఇచ్చాడు. తాగేవారు లేక, పారేయలేక దాన్ని మిద్దె మీది గదిలో బీరువాలో నిలబెట్టారు. పదేళ్ళయింది. 'పాతబడింది కదా, ఇప్పుడు దాని ధర లక్షల్లో ఉంటుంది' అని ఎవరో అన్నారు. ఆ సీసా లోపల ఏం జరిగి ఉంటుందో లెక్కవేద్దాం.

వైన్ దాచడానికి అనువైన ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల సెల్సియస్. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయనిక చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని మీరు రసాయన శాస్త్రంలో చదివారు. ఆ లెక్కన 23 డిగ్రీల వద్ద వేగం రెండింతలు, 33 వద్ద నాలుగింతలు, 43 వద్ద ఎనిమిదింతలు. మే నెలలో ప్రొద్దుటూరులో 43 డిగ్రీలు వింతేమీ కాదు. మిద్దె గది అంతకంటే ఎక్కువే వేడెక్కవచ్చు.

అలాగైతే పదేళ్ళ పక్వత రెండేళ్ళలోనే వస్తుంది, లాభమే కదా అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. 'సుమారు రెట్టింపు' అనేది మోటు లెక్క. అన్ని చర్యలూ ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకోవు. వేడిలో రంగును గోధుమగా మార్చేవి, పండు వాసనను పోగొట్టేవి ముందు పరుగెడతాయి. వగరును మెత్తబరిచేవి వాటితో సమానంగా రావు. సన్నని సెగ మీద మాగాల్సిన పాయసాన్ని పెద్దమంట మీద పెడితే త్వరగా అయ్యేది పాయసం కాదు, మాడు. ఆ వైన్‌కు 'ఉడికిన' రుచి వస్తుంది. పైగా వేడికి ద్రవం వ్యాకోచించి బిరడాను బయటికి నెడుతుంది. రాత్రి చల్లబడ్డప్పుడు సంకోచించి గాలిని లోపలికి పీలుస్తుంది. వందలసార్లు ఇలా జరిగిన సీసాలో మిగిలేది ఖరీదైన వెనిగర్ కూడా కాదు.

మరి నేలలోపల దాచితే? మన పెద్దలకు పాతర తెలుసు. రాయలసీమలో జొన్నలను నేలలో తవ్విన పాతరల్లో పోసి, పైన గడ్డి పరచి మట్టి కప్పేవారు. గింజలు వదిలిన కార్బన్ డయాక్సైడు లోపలే నిండి పురుగును బతకనిచ్చేది కాదు. పాతర తెరవగానే దిగకూడదనడానికి కారణం కూడా అదే వాయువు. జమ్మలమడుగు దగ్గర గండికోట కోటలో రాతి ధాన్యాగారాన్ని మీరు చూసే ఉంటారు. వైన్‌కు అలాంటి ఏర్పాటు చాలదా?

చాలదు. కొన్ని మీటర్ల లోతులో నేల ఉష్ణోగ్రత ఆ ఊరి సాలీనా సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, ఏడాది పొడవునా నిలకడగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో సుద్దరాతి సొరంగాలు 10 నుంచి 12 డిగ్రీల వద్ద ఉంటాయి, ఎందుకంటే ఆ ప్రాంతపు సగటే అంత. మన జిల్లా సగటు 28, 29 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. జమ్మలమడుగులో ఎంత లోతుకు తవ్వినా మీకు దొరికేది ఆ ఇరవై ఎనిమిదే. మే నెల మంట తప్పుతుంది, హెచ్చుతగ్గులు తప్పుతాయి, చల్లదనం మాత్రం రాదు. జొన్నకు నిలకడ చాలు. వైన్‌కు చల్లదనం కూడా కావాలి. యంత్రంతో చల్లబరిచిన గది లేకుండా ఈ మూడు ఊళ్ళలో వైన్‌ను పదేళ్ళు దాచడం అసాధ్యమని చెప్పవచ్చు. అలా చల్లబరచడానికి అయ్యే కరెంటు బిల్లుతో కొత్త సీసాలే కొనుక్కోవచ్చు.

ఈ నియమానికి ఒక గొప్ప మినహాయింపు ఉంది. అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కు చెందిన మదైరా అనే దీవి వైన్ వేడినే ఆధారం చేసుకుంది. ఆ దీవిలో సరుకు ఎక్కించుకుని ఉష్ణమండలం దాటివచ్చిన ఓడల్లో పీపాలు నెలల తరబడి వేడెక్కేవి. వైన్ చెడిపోలేదు సరికదా, ప్రయాణం చేసినదే బాగుందని కొనేవారు కనిపెట్టారు. తరవాత దీవిలోనే 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచే పద్ధతి వచ్చింది. అంటే మన మే నెలను వాళ్ళు గదిలో కృత్రిమంగా తయారుచేస్తారన్నమాట! ఆ వైన్‌కు అదనపు ఆల్కహాలు కలిపి 17 నుంచి 20 శాతానికి తెస్తారు, సహజంగానే పులుపు ఎక్కువ. అందుకే వేడికి, గాలికి తట్టుకుంటుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ఇంగ్లీషువారి బల్లల మీద మదైరా విరివిగా కనిపించడానికి ఒక కారణం ఈ వాతావరణంలో అది నిలవడమే. 1800లో కడప కంపెనీ చేతికి వచ్చి మద్రాసు పాలనలో చేరింది.

6. సీసా, బిరడా, ముద్రించిన సంవత్సరం

సీసా మీది సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. అది వయసును చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు. ముదురు ఆకుపచ్చ గాజు వెలుతురును కొంత ఆపుతుంది. తెల్ల గాజు సీసాను దుకాణం అద్దాల్లో దీపాల కింద పెడితే వెలుతురు వల్ల ఉడికిన క్యాబేజీ వంటి వాసన రావచ్చు. కార్క్ బిరడా ఉన్న సీసాను పడుకోబెడతారు, బిరడా ఎండి సందు ఇవ్వకుండా.

బిరడా వల్లనే వచ్చే దోషం ఒకటి ఉంది. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా తడిసిన అట్టపెట్టె, బూజుపట్టిన గోనె వాసన వేస్తుంది. దాన్ని 1980ల మొదట్లో గుర్తించారు. ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ తయారీదారులు కొందరు 2000లో తమ తెల్ల వైన్‌కు కార్క్ మానేసి మర మూత పెట్టడానికి ఇది ముఖ్య కారణం. మర మూత చూసి 'చౌకబారు సరుకు' అనుకోవడం మరో అలవాటు. మూత శైలీ కాదు, నాణ్యతా కాదు, అదొక తలుపు.

7. అభిప్రాయాన్ని రాయడం

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో రూపొందిన 20 మార్కుల పట్టీ, రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన 100 మార్కుల పద్ధతి ప్రసిద్ధమైనవి. 100 మార్కుల పద్ధతి అంగడివారికి అనుకూలం. 91కీ 92కీ మధ్య తేడాను మనిషి నాలుక పట్టుకోగలదా అనేది పై ప్రయోగాలు చదివిన మీరే నిర్ణయించండి. విద్యార్థికి అంకె కన్నా వాక్యం మేలు. వాక్యాన్ని ఇంకొకరు సరిచూడవచ్చు. 'అద్భుతంగా ఉంది' అనే వాక్యాన్ని సరిచూడలేం. 'పులుపు ముందు తగిలింది, వగరు చివర్లో పంటి చిగుళ్ళ దగ్గర నిలిచింది, రంగు అంచున ఇటుక ఛాయ ఉంది' అంటే పక్కవాడు కూడా వెతికి ఔననో కాదనో చెప్పగలడు. వర్ణన ముందు, తీర్పు తరవాత, 'ఎన్నేళ్ళు ఆగుతుంది' అనేది అన్నిటికన్నా చివర, అదీ ఎక్కడ దాచితే అనే షరతుతో రాయాలి.

అభ్యాసం

మీ ఇంట్లో గానీ బంధువుల ఇళ్ళలో గానీ ఈ ఏటి చింతకాయ తొక్కు, కనీసం రెండేళ్ళనాటి తొక్కు సేకరించండి. రెండూ ఒకే పాళ్ళలో ఉప్పు వేసినవైతే మంచిది. పాతదాని రంగు చూస్తేనే తెలిసిపోతుంది కనుక కళ్ళకు గుడ్డ కట్టుకోండి. మీ ఇంట్లోవారు మూడు చెంచాలు అందించాలి. రెండింటిలో ఒకే తొక్కు, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో మీరు చెప్పాలి. మధ్యలో కాస్త ఉత్త అన్నం తిని నీళ్ళు తాగండి. గుడ్డిగా చెప్పినా ఒకసారి సరిపోయే అవకాశం మూడింట ఒకటి. అయిదుసార్లూ సరిపోయే అవకాశం 243లో ఒకటి. కాబట్టి అయిదుసార్లు చేయండి, ప్రతిసారీ ఫలితం రాసిపెట్టండి.

అయిదింటిలో ఎన్ని సరిగా చెప్పారు? తేడాను పులుపు వల్ల గుర్తుపట్టారా, ఉప్పు వల్లనా, వాసన వల్లనా? గుడ్డ విప్పాక మీ అమ్మగారో అవ్వగారో 'పాతదే మంచిది' అంటే, అది నాణ్యత గురించి చెప్పిన మాటా, శైలి గురించి చెప్పిన మాటా? మీ జవాబును పది వాక్యాల్లో రాసి, సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి. జాడీ ఇంట్లో ఎక్కడ పెట్టారో, ఆ చోటు వేసవిలో ఎంత వేడెక్కుతుందో కూడా రాయండి.